ఫోన్ సంగతి తర్వాత, ముందు జీమెయిల్ తెరిచి చూడమ్మా

ప్రశ్న: "మేం విడిపోయి నాలుగు నెలలైంది. నేను ఎక్కడికి వెళ్ళేది, ఎవరితో మాట్లాడేది ఆయనకి తెలిసిపోతోంది. నా ఫోన్ హ్యాక్ చేశాడా? కొత్త ఫోన్ కొంటే సరిపోతుందా?"

పొద్దున షాపులో కూర్చుని ఈ ప్రశ్న చదివా, సాయంత్రం దాకా మనసులోనే తిరగతా ఉంది, అందుకే ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా టైప్ చేస్తున్నా. ముందు ఒక మాట. ఇట్టాంటిది ఎవరికి చెప్పినా "నీకు అనుమానం ఎక్కువైంది, మనసు వేరే పనిమీద పెట్టు" అంటారు. నాకూ అన్నారు, మా అమ్మే అనింది. నీకు అనుమానం కాదమ్మా. వాడికి తెలియకూడని సంగతి ఒకసారి తెలిస్తే ఎవరో చెప్పుంటారు అనుకోవచ్చు, మూడుసార్లు తెలిస్తే ఎక్కడో తలుపు తెరిచి ఉన్నట్టే. కానీ ఆ తలుపు నువ్వనుకునే చోట ఉండదు, నేను తప్పు చోట వెతికి నెలన్నర పోగొట్టుకున్నా, అది చెప్పడానికే రాస్తున్నా.

మాది నెల్లూరు, వేదాయపాళెం. ఆయనది ఒంగోలు. పెళ్ళైన పదకొండేళ్ళకి బాబుని తీసుకుని పుట్టింటికొచ్చేశా, కారణాలు ఇక్కడ వద్దు. రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాసే పనిలో చేరా. పోయినేడాది లాయరమ్మ దగ్గరికి పోయి నోటీసు రాయించా. ఆమె డ్రాఫ్టు కాగితాల మీద రాసి ఇచ్చి "ఇంట్లో పెద్దాళ్ళకి చూపించి ఏమన్నా మార్పులుంటే చెప్పు, తర్వాత పంపిద్దాం" అనింది. కాగితాలు ఆడే పెట్టేసి నాలుగు ఫోటోలు తీసుకున్నా, మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఆ మెట్లెక్కి రాలేడు. నాన్నకి ఏడుగంటలకి చూపించా. తొమ్మిది కాకముందే నాన్న ఫోన్ మోగింది, ఆయనే.

"ఏంది మామా, కాసుల పేరు ఆరు సవర్లని రాయించిందంట, అది అయిదున్నరే గదా, తూకం చీటీ నా దగ్గరే ఉండాది."

నాన్న మొహం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నోటీసు ఇంకా పోస్టులో కూడా పడలా. ఆ కాగితం చూసింది లాయరమ్మ, ఆమె గుమాస్తా, నేను, నాన్న, వంటింట్లోంచి వచ్చి ఒక నిమిషం తొంగి చూసిన మా వదిన. వదిన పుట్టిల్లు ఒంగోలు. ఇంక చెప్పేదేముంది, నా బుర్ర నేరుగా ఆమె మీదకే పోయింది. అడిగేశా కూడా. ఆ మనిషి ఏడ్చింది, అన్నయ్య రెండు రోజులు అన్నం తినలా, నేను వదినతో నెల రోజులు మాట్లాడలా. ఇట్టాంటి పనుల్లో అన్నిటికంటే చెడ్డది ఇదే అంటాను నేను, వాడు చూస్తా కూర్చుంటాడు, మనం మన పక్కనున్న మనుషుల్ని ఒక్కొక్కర్నీ దూరం చేసుకుంటాం.

తర్వాత ఎవరో ఫోన్ హ్యాక్ అయ్యుంటుందన్నారు. ట్రంకురోడ్డులో ఒక సెల్ షాపుకి పోయా. ఆ అబ్బాయి ముందు అడిగింది ప్యాటర్న్ చెప్పమని. భయం మీద చెప్పేశా. అర్ధగంట తిప్పి చూసి "అక్కా, వైరస్ ఉండాది, ఫ్లాష్ కొట్టాల్సిందే" అని, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ కొత్తగా వెయ్యడమంట, ఎనిమిది వందలు తీసుకున్నాడు. ఏం వైరసో చెప్పలా, ఏ యాప్ కనపడిందో చూపించలా. ఫ్లాష్ కొట్టాక మళ్ళీ నా జీమెయిలే వేసిచ్చాడు, నేనూ హాయిగా ఇంటికొచ్చా. రెండువారాల తర్వాత మళ్ళీ ఫోన్, ఈసారి బాబుని ఏ స్కూల్లో చేర్చబోతున్నానో, అప్లికేషన్‌లో తండ్రి పేరు పక్కన ఏం రాశానో అన్నీ చెప్తున్నాడు. అప్లికేషన్ కూడా నేను ఫోటోనే తీసుకున్నా. అప్పటికీ నాకు తట్టలా. పైగా ఫ్లాష్ కొట్టడంలో ఆయన నన్ను తిట్టిన కాల్ రికార్డింగులన్నీ పోయినయ్, అవి ఫోన్‌లోనే ఉండేవి, ఎక్కడా బ్యాకప్ లేదు. లాయరమ్మ చెబితే తల పట్టుకున్నా, కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలంట, అసలు రికార్డింగే లేకపోతే దేనికి ఇస్తాం. అందుకే చెప్తున్నా, ఫ్లాష్ కొట్టించమని ఎవరన్నా అంటే ఆగు. ముందు అన్నీ బయటికి తీసి పెట్టుకో.

ఎట్టా బయటపడిందో చెప్తా. మా అక్క కొడుకు కావలిలో ఇంజనీరింగు చదువుతున్నాడు, రొట్టెల పండక్కి వచ్చాడు, వాళ్ళమ్మ ఉద్యోగం రొట్టె పట్టుకురమ్మని పంపింది. స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో వాడి ఫోన్ చార్జింగ్ అయిపోయి నా ఫోన్‌తో ఫోటోలు తీశాడు. ఇంటికొచ్చి తన ఫోటోలు వెతుక్కుంటా గూగుల్ ఫోటోస్‌లో పైకి పోతున్నాడు, పైకి పోతా పోతా ఆగి "పిన్నమ్మా, ఈ స్క్రీన్‌షాట్ నువ్వు తీసిందేనా?" అన్నాడు.

అది నా నోటీసు డ్రాఫ్టు. కాసుల పేరు రాసిన లైను మాత్రం పెద్దది చేసి తీసిన స్క్రీన్‌షాట్. నేను తీయలా. పైన చార్జింగ్ 14 శాతం అని ఉంది, అడ్డంగా వెడల్పుగా ఉంది, నా ఫోన్ స్క్రీన్ ఆ సైజు కాదు. చూస్తా చూస్తా ఉంటే నా ఒళ్ళు చల్లబడిపోయింది. 2020లో కరోనా అప్పుడు బాబు ఆన్‌లైన్ క్లాసులకి కొన్న ట్యాబు. అందులో వేసింది నా జీమెయిలే. హోంవర్కు స్క్రీన్‌షాట్లు పోకూడదని అన్ని ఫోల్డర్లకీ బ్యాకప్ పెట్టింది కూడా నేనే. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు బట్టలు, సర్టిఫికెట్లు, బాబు పుస్తకాలు తెచ్చుకున్నా, ఆ ట్యాబు ఒంగోల్లో టీవీ కింద సొరుగులోనే ఉండిపోయింది. నేను నెల్లూరులో తీసే ప్రతి ఫోటో నిమిషాల్లో ఆ సొరుగులో కనపడతా ఉంది. ఆయన జూమ్ చేసుకుని తీసుకున్న స్క్రీన్‌షాట్ మళ్ళీ తిరిగొచ్చి నా ఫోటోల్లోనే పడింది, నెలన్నర నుంచి అది నా ఫోన్‌లోనే ఉంది, నేను చూసుకోలేదు.

హ్యాకింగ్ ఏం లేదు ఇందులో. నా ఫోన్‌కి ఏమీ కాలా, ఎనిమిది వందలు పెట్టి బాగున్న ఫోన్‌ని తుడిపించా. ఇప్పుడు నేను గట్టిగా చెప్పేది, మొగుడు పెళ్ళాల సంగతుల్లో చాలావరకు ఇట్టాగే ఉంటాయి, కలిసున్నప్పుడు మనమే ఇచ్చిన తాళాలు తిరిగి తీసుకోం, అంతే.

మా అక్క కొడుకు అప్పుడు చేయించింది చెప్తా, ఇది జాగ్రత్తగా చదువు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ అని ఉంటుంది, అందులో "మీ డివైసులు" అని ఏ ఏ ఫోన్లలో, ట్యాబుల్లో, కంప్యూటర్లలో నీ అకౌంట్ తెరిచి ఉందో, చివరిసారి ఎప్పుడు వాడారో చూపిస్తుంది. నాకు ట్యాబు పేరు కనపడింది, పక్కన ఊరు మాత్రం హైదరాబాద్ అని ఉంది, నేను ఒంగోలు కాదే అని కంగారుపడితే వాడు చెప్పాడు, ఆ ఊరు నెట్‌వర్కుని బట్టి ఉజ్జాయింపుగా వేస్తుంది పిన్నమ్మా, దాన్ని నమ్మొద్దు, డివైస్ పేరూ టైమూ చూడు అని. వెంటనే సైన్ అవుట్ కొట్టబోయా, చెయ్యి పట్టుకున్నాడు. ముందు వాడి ఫోన్‌తో ఆ స్క్రీన్ మొత్తం ఫోటోలు తీశాడు, స్క్రీన్‌షాట్ వివరాల్లో ఉండే తేదీ, టైము, సైజు అన్నీ తీశాడు.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. పాస్‌వర్డ్ మర్చిపోతే కోడు పోయే రికవరీ నంబరు ఆయనదే, రికవరీ మెయిల్ కూడా ఆయనదే! పెళ్ళైన కొత్తలో ఆ జీమెయిల్ చేసిచ్చింది ఆయనే మరి. నేను ఊరికే పాస్‌వర్డ్ మార్చుంటే అయిదు నిమిషాల్లో మళ్ళీ లోపలికి వచ్చేసేవాడు. అక్క ఫోన్ మీద కూర్చుని ముందు రికవరీ నంబరు, మెయిల్ మార్చాం, తర్వాత పాస్‌వర్డ్, తర్వాత టూ స్టెప్ (పాస్‌వర్డ్ వేశాక ఇంకోసారి మనమేనా అని అడిగేది) పెట్టాం, అప్పుడు ట్యాబుని బయటికి పంపాం. ఆ వరసలోనే చెయ్యి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, అంటే నీకొచ్చే మెయిళ్ళు ఇంకొకరికి పోయేట్టు, ఏమన్నా పెట్టుందేమో కూడా చూడు, ఎవరూ చూడరు దాన్ని. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ చూడు, ప్రయాణంలో భద్రంగా ఉంటావని ఎప్పుడో పెట్టించి ఉంటాడు. నీ జీమెయిల్ వాడి దగ్గరుంటే పోయిన ఫోన్ వెతికే గూగుల్ సర్వీసుతో నువ్వెక్కడున్నావో మ్యాప్ మీదే చూడొచ్చు, దానికి ఇంకే యాప్ అక్కర్లా.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరువు, నాలుగు దాకా పెట్టుకోవచ్చు, నీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా వాటిలో మెసేజులు వస్తానే ఉంటాయి. ఫోన్ లాక్‌లో వేలిముద్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, నా దాంట్లో మూడున్నయ్, రెండు నావి, మూడోది ఎవరిదో నీకు అర్థమయ్యే ఉంటుంది.

సిమ్ ఎవరి పేరు మీద ఉంది? నా పదేళ్ళ నంబరు ఆయన ఆధార్ మీదే ఉంది, సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైటులో నా పేరు మీదున్న నంబర్లు చూస్తే అందులో అది లేనే లేదు. మన ఇళ్ళల్లో ఇదొక రోగం, ఆడపిల్లకి సిమ్ కావాలంటే నాన్న పేరు మీదో మొగుడి పేరు మీదో తీస్తారు, ఆమెకి ఆధార్ లేనట్టు. సిమ్ ఎవరి పేరున ఉంటే వాళ్ళు పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకోగలరు, ఇంక ఓటీపీలన్నీ వాళ్ళకే. కొత్త నంబరు తీసుకుని బ్యాంకులో మార్పించా, ఒకరోజు పని పోయింది, పోతే పోయింది.

నిజంగా గూఢచారి యాప్ వేసే వాళ్ళు లేరని నేననను. కానీ మామూలుగా దానికి ఫోన్ వాడి చేతిలో లాక్ తీసి కొన్ని నిమిషాలు ఉండాలి. అట్టాంటి అవకాశం వాడికి దొరికి ఉంటే ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్, నోటిఫికేషన్ యాక్సెస్ ఈ మూడు చోట్లా నీకు తెలియని పేరేమన్నా ఉందేమో చూడు, చెడ్డ యాపుల్ని పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ని ఎవరన్నా ఆపేశారేమో చూడు. ఐఫోన్ అయితే 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి సేఫ్టీ చెక్ అని ఉంది, ఎవరెవరితో ఏం షేర్ అవుతుందో ఒకేచోట చూపించి ఆపేస్తుంది. బ్యాటరీ తొందరగా అయిపోతే హ్యాక్ అయినట్టే, స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొడితే హ్యాకరు దొరికిపోతాడు అని చెప్పే వీడియోలు నమ్మొద్దు. ఆ కోడు కాల్ ఫార్వర్డింగ్ ఉందా లేదా చెప్పేది మాత్రమే. నేను రోజుకి పదిసార్లు కొట్టుకున్నా దాన్ని, రాత్రి రెండింటికి లేచి కూడా.

ట్యాబు బయటికి పంపిన మర్నాడు ఏమైందో తెలుసా. నాన్నకి ఫోన్ చేసి "బాబు ఫోటోలు చూసుకునే దారి కూడా మూసేసింది మామా మీ కూతురు" అని ఏడ్చాడు. అంటే ఒప్పుకున్నట్టే గదా? మా బంధువులకి అట్టా అనిపించలా. "తండ్రి గదమ్మా, బిడ్డ ఫోటోలు చూసుకుంటే తప్పేంది" అని నాకే చెప్పారు. బాబు ఫోటోలు కావాలంటే అడగాలి, నేనే పంపేదాన్ని. నా లాయరు కాగితాలు, నా జీతం చీటీ, నేను డాక్టర్ దగ్గర తీసుకున్న రిపోర్టులు కూడా బాబు ఫోటోలేనా? ఈ మాట అడిగితే ఎవరూ పలకరు.

పోలీసుల దగ్గరా అంతే, మొదటిసారి పోతే భార్యాభర్తల గొడవ, కౌన్సెలింగ్‌కి పంపిస్తాం అన్నారు. రెండోసారి లాయరమ్మ రాసిచ్చిన కాగితంతో పోయా. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో వెంటపడటమే కాదు, ఆడమనిషి ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకాన్ని కనిపెట్టి చూస్తా ఉండటం కూడా స్టాకింగే అని ఉంది, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. ఆ సెక్షన్ నంబరు కాగితం మీద చూసేసరికి మాట్లాడే తీరే మారింది, కుర్చీ కూడా వేశారు. నువ్వూ నోటితో చెప్పొద్దు, రాసుకుని పో. 181 మహిళల హెల్ప్‌లైన్ ఉంది, మన మార్కాపురంలో 2025 మార్చి 8న ముఖ్యమంత్రి మొదలుపెట్టిన, ఆడవాళ్ళ భద్రత కోసం ఉండే శక్తి యాప్ కూడా ఉంది, కానీ అది నీ ఫోన్‌లో వేసుకునే ముందు పైన చెప్పినవి చూసుకో.

ఇంకొకటి, నీ మాజీ చెయ్యి చేసుకునే మనిషైతే మాత్రం ఒక్కదానివే కూర్చుని అన్నీ ఒకేసారి తీసెయ్యొద్దు. దారి మూసుకుపోయిందని వాడికి వెంటనే తెలుస్తుంది, నాకు మర్నాడే ఫోన్ వచ్చింది, కొందరికి ఫోన్ రాదు, మనిషే ఇంటిముందుకి వస్తాడు. ఇంట్లో మగాళ్ళో పక్కింటివాళ్ళో ఉన్న రోజు చూసుకుని చెయ్యి, లాయరుకి ముందే చెప్పి ఉంచు.

కొత్త ఫోన్ కొంటే సరిపోతుందా అన్నావు. పాత జీమెయిలే వేసుకుంటే ఎంత ఖరీదు ఫోనైనా నేను ఫ్లాష్ కొట్టించినట్టే అవుద్ది. ఆ డబ్బులు ఉంచుకో. ఈ రాత్రికి ఒక కాగితం తీసుకుని వాడికి ఏ రోజు ఏ సంగతి తెలిసిందో, ఆ సంగతి నీ ఫోన్‌లో ఏ రూపంలో ఉందో పక్కపక్కన రాయి, ఫోటోనా, మెసేజా, మెయిలా, లేక ఊరికే నువ్వున్న చోటా. నేను ఆ పని మొదట్లోనే చేసుంటే రెండుసార్లూ ఫోటోనే అని కనపడేది, మా వదినని అంత మాట అనకపోదును. ఆ స్క్రీన్‌షాట్ తీసుకుని ఆమె దగ్గరికి పోతే గోంగూర వలుస్తా ఉంది, చూసి ఏం మాట్లాడలా, పక్కన పీట జరిపి సగం కట్ట నా ముందు పెట్టింది.