పేరున్న మడత కత్తికి చవక నకలు కొనడం తప్పా?

స్పైడర్కో, బెంచ్‌మేడ్ లాంటి కంపెనీల మడత కత్తులు మన చేతికొచ్చేసరికి పది పదిహేను వేలు దాటుతున్నాయి, అచ్చు గుద్దినట్టు అలాగే ఉండేవి ఏడెనిమిది వందలకు దొరుకుతున్నాయి, కొంటే తప్పేముంది, నష్టమేదో అమెరికాలోని కంపెనీకే కదా అని మీరు అడిగారు. మూడేళ్ల కిందట నేనూ ఇలాగే అనుకుని ఒకటి కొన్నాను. దానివల్ల వేలికి నాలుగు కుట్లు పడ్డాయి, మా అక్క ముందు పరువు పోయింది. రెండోదే ఎక్కువ నొప్పి.

నాది హన్మకొండలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. రోజూ అట్టపెట్టెలు కొయ్యాలి, సుతిలి తెంపాలి, వైరు తొక్క తియ్యాలి. జేబులో కత్తి లేకపోతే చెయ్యి విరిగినట్టే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కనబడింది కదా అని తెప్పించాను. బ్లేడు మీద స్పైడర్కో వాళ్ల సాలీడు బొమ్మ, ఒంటి చేత్తో తెరవడానికి గుండ్రటి రంధ్రం, పక్కన ఎస్30వి అని స్టీలు పేరు, అన్నీ ఉన్నాయి. ఎస్30వి అంటే అమెరికాలో క్రూసిబుల్ అనే కంపెనీ కత్తుల కోసమే తెచ్చిన పౌడర్ స్టీలు, అంటే లోహపు పొడి నుంచి చేసే ఖరీదైన రకం. నాకు కత్తి మొత్తం పడిందే 750. ఆ డబ్బుకు ఆ స్టీలు రాదని తెలియదా అంటే, తెలుసు. తెలిసే కొన్నాను. షాపుకొచ్చిన వాళ్లకు మాత్రం అసలుదే అన్నట్టు తిప్పి తిప్పి చూపించాను. ఎంతకు తెచ్చావని అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి.

వారం తిరక్కముందే అంచు మొద్దుబారింది. సాన పెడితే పదునెక్కేది, పది పెట్టెలు కోశాక మళ్లీ మొదటికే వచ్చేది. దానికి సర్దుకున్నాను. అసలు బెడద లాక్‌తో వచ్చింది. ఈ రకం కత్తుల్లో పిడి లోపల సన్నటి రేకు ఒకటి ఉంటుంది. బ్లేడు తెరవగానే అది స్ప్రింగులా పక్కకు జరిగి బ్లేడు మడమకు ఆనుకుంటుంది. అలా ఆని ఉన్నంతసేపే బ్లేడు మడవదు. నా కత్తిలో ఆ రేకు తగిలీ తగలనట్టు, అంచుతో మాత్రమే ఆనేది. ఒకరోజు ప్లాస్టిక్ జంక్షన్ బాక్సుకు మొనతో రంధ్రం పొడుస్తుంటే రేకు టక్కున జారింది. బ్లేడు వచ్చి చూపుడు వేలి మీద పడింది.

అయితే ఇది నాణ్యత సంగతి. మీరు అడిగింది న్యాయం సంగతి. లాక్ గట్టిగా నిలబడే నకళ్లు కూడా ఉన్నాయి, వాటి ముందు నా కుట్ల కథ దేనికీ పనికిరాదు.

మా బాపుది వరంగల్‌లోని కొత్తవాడ. దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేస్తాడు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అంటే ఆ పేరు ఇక్కడ నేసినవాటికే చెందాలి. వేలు మానిన రెండు నెలలకు ఒక దంపతులు ఇంటికొచ్చి దర్రీ చూశారు. ఆయన చేత్తో తడిమి, ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. మిషన్ మీద ప్రింట్ కొట్టిన సరుకు, పైన వరంగల్ దర్రీ అని పేరు.

"గిదే డిజైన్, గిదే పేరు. గాడ తొమ్మిది వందలకే ఇస్తున్నరు. మీరు గింత చెప్తరేంది?"

బాపు మారు మాట్లాడకుండా దర్రీని తిరగేశాడు. "రెండు దిక్కులా ఒక్కతీరుగుంటది సారూ. గా ఫోన్ల దాన్ని తిరగేసి చూపియ్యమను" అన్నాడు. వాళ్లు మళ్లీ వస్తామని వెళ్లిపోయారు, రాలేదు. నాకు ఒళ్లు మండి, పేరు దొంగిలించి బతికే వాళ్లను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. అక్క దర్రీ మడత పెడుతూనే అంది, "నీ జేబుల ఉన్నదేందిర మరి?"

బాపు కత్తి ఇమ్మని అడిగాడు. తెరిచాడు, మూశాడు, ఏమీ అనకుండా తిరిగిచ్చేశాడు.

ఆ తర్వాత ఈ విషయం గురించి చాలా చదివాను, మొండికి. నా లెక్క ఇది. ఒకరి పనితీరును ఇంకొకరు వాడుకోవడం వేరు, ఒకరి పేరు పెట్టుకోవడం వేరు. నేను పైన చెప్పిన రేకు లాక్‌ను ఇప్పుడున్న రూపానికి తెచ్చింది మైఖేల్ వాకర్ అనే అమెరికన్, 1980లలో. ఇవాళ వంద కంపెనీలు దాన్ని వాడుతున్నాయి, ఎవరూ దొంగలు కారు. బ్లేడును అడ్డకడ్డీతో ఆపే బెంచ్‌మేడ్ వాళ్ల యాక్సిస్ లాక్ పేటెంట్ గడువు తీరాక ఆ పద్ధతి మిగతా కంపెనీల కత్తుల్లోకీ వచ్చింది. పేటెంట్ అంటేనే అంత, మన దగ్గరైనా 20 ఏళ్లు, తర్వాత అందరిదీ. ట్రేడ్‌మార్క్ అలా కాదు, రెన్యువల్ చేసుకుంటున్నంత కాలం వాళ్లదే. మన 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం దొంగ మార్కు వేసినా, అలాంటి సరుకు అమ్మినా 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. సొంతానికి ఒకటి కొనుక్కున్నవాణ్ణి పోలీసులు వెతుక్కుంటూ రారు. అందుకే ఇది మన మనసు తేల్చుకోవాల్సిన ప్రశ్నగా మిగిలింది.

మధ్యలో ఒక చిక్కు రకం ఉంది. లోగో ఉండదు, పేరు వేరే ఉంటుంది, కానీ ఆకారం గీతకు గీత అదే. దీని మీద నేను గట్టిగా తీర్పు చెప్పలేను. నేనైతే కొనను. కొన్నవాణ్ణి తిట్టను కూడా. జాతరలో వంద రూపాయలకు అమ్మే ఎర్ర పిడి "స్విస్ నైఫ్" ఉంటుంది చూడండి, దానితో నాకు పేచీ లేదు. దాన్ని చూసి స్విట్జర్లాండ్‌లో చేశారని ఎవరూ మోసపోరు.

"అంత పెట్టే స్తోమత నాకెలాగూ లేదు, నేను నకలు కొంటే కంపెనీకి పోయేదేమిటి" అంటారు. నేనూ అన్నాను. కంపెనీ వరకు అది నిజమే కావచ్చు. కానీ నా దగ్గరున్న 750 వెళ్లాల్సింది ఎవరికి? తన సొంత పేరుతో, ఇది మామూలు స్టీలే అని రాసి, ఏడెనిమిది వందలకు కత్తి అమ్ముకునేవాడికి. నా నకలు స్పైడర్కో కత్తి చోటును లాక్కోలేదు, వాడి చోటును లాక్కుంది. ఈ మాట ఎవరూ ఎందుకు అనరో నాకు అర్థం కాదు.

కొనాలంటే ఇప్పుడు సొంత పేరుతోనే మంచి చైనా కత్తులు వస్తున్నాయి, వాటిని చూడండి. అసలు స్విస్ నైఫ్ చేసే విక్టోరినాక్స్‌లో చిన్నవి ధరకు అంత భారం కావు. నేను ఒపినెల్ నంబర్ 8 తీసుకున్నాను. 1890 నుంచి ఫ్రాన్స్‌లో చేస్తున్న చెక్క పిడి కత్తి. 1955లో దానికి తిప్పి బిగించే ఇనుప రింగు పెట్టారు, బ్లేడు మడవకుండా ఆపేది అదే. రేకుల గొడవ లేదు.

పాత కత్తిని షాపులో పనిచేసే తమ్ముడు అడిగాడు. "అన్నా, నువ్వెట్లాగూ వాడ్తలేవు గదా." ఆ లాక్‌ను నమ్మి ఇంకొకరి చేతిలో పెట్టలేను. సాలీడు బొమ్మను గరుకు కాగితంతో రుద్దేసి, బ్లేడు మడవకుండా ఒక బోల్టు బిగించి కౌంటర్ దగ్గర పెట్టాను, టేపు కోయడానికి. ఒపినెల్‌తో నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు, వానాకాలంలో చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రాదు. అప్పుడు పిడి వెనక వైపును కౌంటర్ అంచుకు ఒక్కసారి గట్టిగా తట్టాలి, మొన కాస్త పైకి లేస్తుంది, గోటితో అందుకోవచ్చు.