మామగారి నుంచే నాకు టీబీ వచ్చిందా?

ప్రశ్న: నిరుడు మా మామగారికి టీబీ వచ్చి, మందులు వాడాక తగ్గింది. ఇప్పుడు నాకు వచ్చింది. ఇంట్లో అందరూ ఆయన వల్లే అంటున్నారు, పాపం ఆయన నాకు ఎదురుపడటమే మానేశారు. క్రిముల డీఎన్ఏ చూస్తే ఎవరి నుంచి ఎవరికి సోకిందో తేలిపోతుందట, నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: కాదని తేల్చడం తేలికేనమ్మా, అవునని తేల్చడమే కష్టం. ముందు ఆయన్ని ఆడిపోసుకోవడం మానమనండి.

టీబీ క్రిమి మొత్తం జన్యుక్రమంలో సుమారు 44 లక్షల డీఎన్ఏ అక్షరాలుంటాయి. పుస్తకం చూసి ఎత్తి రాసేటప్పుడు అక్కడక్కడా తప్పు దొర్లినట్టే వీటిలోనూ మార్పులొస్తాయి, కాకపోతే బాగా నిదానంగా, సగటున రెండేళ్లకో అక్షరం. అందుకే ఇద్దరి కళ్లెలోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి, మొత్తం జన్యుక్రమం చదివి పోల్చినప్పుడు తేడా 5 అక్షరాలు మించకపోతే ఈమధ్యే ఒకరి నుంచి ఒకరికి పాకి ఉండొచ్చని, 12 దాటితే ఆ అవకాశం దాదాపు లేదని లెక్క వేస్తారు.

1990లలో ఇంత వివరం తెలిసేది కాదు. ఐఎస్6110 అనే డీఎన్ఏ ముక్క క్రిమిలో ఎక్కడెక్కడ ఉందో ఫిల్ము మీద మెట్లు మెట్లుగా పడే నల్లటి గీతల్ని బట్టి చూసేవారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రోగుల క్రిముల్ని అలా పోల్చి చూస్తే దాదాపు మూడో వంతు కేసులు కొత్తగా సోకినవేనని 1994లో బయటపడింది. అప్పటిదాకా అలాంటి ఊళ్లలో టీబీ అంటే ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతున్న క్రిమి మళ్లీ లేవడమేనని ఎక్కువమంది నమ్మకం.

మీకు అసలు పనికొచ్చేది కేప్‌టౌన్ పరిశోధన. టీబీ బాగా ఎక్కువగా ఉన్న బస్తీల్లో చేసిన ఆ పరిశోధన 2004లో అచ్చయింది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి టీబీ వచ్చిన చోట కూడా క్రిములు వేర్వేరు రకాలుగా తేలిన సందర్భాలు చాలానే ఉన్నాయి, మొత్తం వ్యాప్తిలో ఇంట్లో జరిగింది 19 శాతమే! మిగతాదంతా బయట, గాలి ఆడని గదుల్లో, కిక్కిరిసిన బండ్లలో, పేరు కూడా తెలియని మనుషుల దగ్గర అంటుకున్నదే అయి ఉండాలి.

పోనీ మీ ఇద్దరి క్రిములూ అచ్చం ఒకటేనని వచ్చిందనుకోండి, అప్పుడు కూడా ఎవరి నుంచి ఎవరికి అన్నది డీఎన్ఏ ఒక్కటే చెప్పలేదు, ఎందుకంటే మూడో మనిషి మీ ఇద్దరికీ అంటించి ఉండొచ్చు. పైగా క్రిమి ఏళ్ల తరబడి ఒంట్లో అణిగి ఉండగలదు కాబట్టి జబ్బు బయటపడిన వరసా, సోకిన వరసా ఒకటే కానక్కర్లేదు. ఆయన నిరుటి కళ్లె నమూనా ఏ ల్యాబూ దాచి ఉంచకపోతే అసలు పోల్చడానికే ఏమీ ఉండదు.

ఆ టెన్షన్ వదిలేసి, మీ క్రిమికి ఏ మందులు పని చేస్తాయో చెప్పే పరీక్ష చేశారో లేదో డాక్టరుగారిని అడగండి, మీ వైద్యానికి అది ముఖ్యం. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించండి, అయిదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లకు ముందుజాగ్రత్త మందుల గురించి ఈ వారమే కనుక్కోండి.