కాపీ చేసిన బొమ్మకు అడ్మిషన్‌లో విలువ ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటోంది. రెండు నెలలుగా ఒక పాత పోర్ట్రెయిట్‌ను చూస్తూ ఆయిల్ కలర్స్‌తో అదే వేస్తోంది. ఎవరో వేసిన బొమ్మను కాపీ చేస్తూ కూర్చుంటే సొంతంగా వేయడం ఎప్పుడొస్తుంది? అడ్మిషన్‌కి ఇది పనికొస్తుందా?

జవాబు: రెండు నెలలు ఒకే బొమ్మ మీద కూర్చోగలిగిందంటే మీ అమ్మాయికి ఓపిక ఉంది. ఆయిల్ పెయింటింగ్‌కి ముందు కావాల్సింది అదే. కాపీ చేయడం గురించి టెన్షన్ పడకండి. పోర్ట్రెయిట్లకు పేరుపడ్డ అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ అంతటివాడు 1879లో మాడ్రిడ్ వెళ్లి, ప్రాడో మ్యూజియంలో పాతకాలపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ బొమ్మలను చూసి వేసుకున్నాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఇప్పటికీ అనుమతి తీసుకుని కాపీ చేసేవాళ్లున్నారు. అసలు బొమ్మ సైజులో వేయకూడదు, సంతకం దించకూడదు అన్నవి అక్కడి షరతులు.

అయితే ఎలా కాపీ చేస్తోందో చూడాలి. గళ్లు గీసుకుని, ఫోన్‌లో జూమ్ చేసుకుంటూ, ఒక్కో గడిలో కనిపించిన రంగు నింపుకుంటూ పోతే బొమ్మ అచ్చుగుద్దినట్టు దిగొచ్చు. కానీ నేర్చుకునేది తక్కువ. డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ముత్యపు లోలాకు అమ్మాయి బొమ్మ చూడండి. ముక్కు అంచు గీత కోసం వెతికితే దొరకదు. ముక్కు దూలం అవతలి బుగ్గలో ఒకే రంగుగా కలిసిపోయింది. ముత్యమూ అంతే. పైన దట్టంగా ఒక తెల్ల మచ్చ, కింద తెల్ల కాలర్ ప్రతిబింబం మసకగా. చెవికి తగిలించే కొక్కెం కూడా వేయలేదు. అయినా మనకు ముక్కూ కనిపిస్తుంది, ముత్యమూ కనిపిస్తుంది. గీతే లేకుండా ఇదెలా కనిపిస్తోందని ఆగి ఆలోచించిన రోజే మీ అమ్మాయి ఆ చిత్రకారుడి దగ్గర పాఠం చెప్పించుకున్నట్టు.

అందుకే మొదటి పొరలో రంగుల జోలికి వెళ్లొద్దనండి. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు, తెలుపు చాలు. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగునీడలు మిగులుతాయి, వాటినే వేయాలి. అంబర్ త్వరగా ఆరుతుంది కూడా. అది ఆరాక తెలుపు, నలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఒక ఎరుపు చాలు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జార్న్ పేరుతో ఈ నాలుగు రంగుల పాలెట్ ప్రసిద్ధం. పై పొరల్లో నూనె శాతం కింది పొరల కంటే ఎక్కువ ఉండాలి. ఆయిల్ రంగు నీటిరంగులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. కింద నూనె ఎక్కువైతే పైపొర ముందే గట్టిపడి, తర్వాత పగుళ్లిస్తుంది.

ఇంట్లో మీరు గమనించాల్సింది ఒకటుంది. లిన్సీడ్ ఆయిల్ (ఆయిల్ రంగుల్లో వాడే అవిసె నూనె) తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయనివ్వకండి. వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. విడివిడిగా పరిచి ఆరబయట ఆరనివ్వండి.

ఇక అడ్మిషన్ సంగతి. పోర్ట్‌ఫోలియోలో, అంటే అడ్మిషన్ కోసం చూపించే బొమ్మల కట్టలో, ప్రధానంగా చూసేది విద్యార్థి తన కళ్లతో చూసి వేసినవే: మనుషులు, చేతులు, గదిలోని వస్తువులు, స్కెచ్‌బుక్ పేజీలు. కాపీ ఒక్కటి పెడితే చాలు. దాని కింద అసలు చిత్రకారుడి పేరు, చూసి వేశానన్న మాట తప్పకుండా రాయాలి. రాయకపోతే మిగతా బొమ్మల మీద కూడా అనుమానం వస్తుంది. చేరాలనుకునే కాలేజీ ఏమేం అడుగుతోందో ముందే చదువుకోండి. పాత చిత్రాలను పాడవకుండా కాపాడే కన్సర్వేషన్ వైపు ఆసక్తి ఉంటే మాత్రం కెమిస్ట్రీ వదలొద్దని చెప్పండి, ఆ కోర్సుల్లో అది చాలా అవసరం.

నా సలహా అడిగితే, ఈ కాపీని ఇంకో రెండు వారాల్లో ముగించమనండి. కొంచెం మిగిలిపోయినా పర్వాలేదు. మర్నాడే అద్దం ముందు కూర్చుని, ఆ బొమ్మలో వెలుగు పడిన వైపు నుంచే దీపం పెట్టుకుని, అవే నాలుగు రంగులతో తన ముఖం వేసుకోమనండి. ఆ రెండు బొమ్మలూ, మొదటి పొర ఫోటోలతో సహా, పోర్ట్‌ఫోలియోలో పక్కపక్కన పెట్టండి.