వెండి ఇంకు స్టాండు అడుగున సింహం ముద్ర ఉంటే ఇంగ్లండ్‌దేనా? తోమే ముందు ఏం చూడాలి?

తాతగారి బల్ల మీది ఇంకు స్టాండు నల్లబడిందనీ, అడుగున సింహం ఉందనీ, విబూదితో తోమవచ్చా అనీ అడిగారు. తోమకండి. ముందు ముద్రలు చదవాలి. ఇంగ్లిష్ వెండికి ముద్రలే జాతకం, అరిగిపోతే మళ్లీ రావు.

పది రెట్ల భూతద్దం, పక్కనుంచి పడే వెలుతురు చాలు. ముందు కాలు ఎత్తి పక్కకు నడిచే సింహం అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. లండన్‌లో 1544 నుంచి ఉన్న ముద్ర ఇది. దాని పక్కన ఊరి గుర్తు ఉంటుంది: ఎదురుగా చూసే చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, 1974 దాకా కిరీటం షెఫీల్డ్‌ది. తర్వాత తయారీదారు పొడి అక్షరాలు, సంవత్సరాన్ని చెప్పే అక్షరం. 1974 దాకా లండన్ వరుసలో జె వదిలేసి ఎ నుంచి యు దాకా 20 అక్షరాలే. అంటే 20 ఏళ్లకోసారి అదే అక్షరం తిరిగి వచ్చేది. కాబట్టి అక్షరం ఒక్కటే చూసి సంవత్సరం చెప్పేయకూడదు, దాని వంపు, చుట్టూ ఉన్న డాలు ఆకారం కూడా ముద్రల పట్టికతో కలవాలి. ఇక్కడ రాజు లేదా రాణి తల ముద్ర బాగా ఆదుకుంటుంది. సుంకం కట్టినట్టు 1784 నుంచి 1890 దాకా కొట్టారు. అది కనిపిస్తే సగం వెతుకులాట తప్పినట్టే.

సింహం లేకుండా ‘స్టెర్లింగ్’ అన్న మాట ఒక్కటే ఉంటే ఎక్కువగా అమెరికా సరుకు. ‘ఈపీఎన్ఎస్’ అని ఉంటే రాగి, నికెల్, జింకు కలిసిన లోహం మీద వెండి పూత.

అసలు పరీక్ష విడి భాగాల్లో ఉంది. 18వ శతాబ్దపు స్టాండులో పళ్లెం, సిరాబుడ్డి, చిల్లుల మూత ఉన్న ఇంకో బుడ్డి, తరచుగా ఒక గంట గానీ లక్క కరిగించే చిన్న కొవ్వొత్తి దిమ్మె గానీ ఉంటాయి. చిల్లుల బుడ్డిని ఉప్పు డబ్బా అనుకుంటారు. అది సిరా ఆరడానికి ఇసుక, లేదా కాగితం మీద సిరా పాకకుండా పొడి చల్లడానికి. విడిగా ఊడే ప్రతి భాగానికీ ముద్ర ఉండాలి. పళ్లెం మీద పూర్తి వరుస, మూతల మీద కనీసం సింహం, తయారీదారు అక్షరాలు. పళ్లెం మీద ఒక సంవత్సరం, మూత మీద ఇంకొకటి ఉంటే భాగం మారినట్టు, ధర బాగా పడిపోతుంది. ముద్ర అంచులు పదునుగా ఉండాలి. ఇసుక రేణువుల్లా మొద్దుగా, సూది మొనంత గుంతలతో ఉంటే అసలు వస్తువు మీద అచ్చు తీసి పోత పోసిన నకలేమో అని అనుమానించండి.

ఇప్పుడు పళ్లెం మీద నోటితో ఆవిరి ఊదండి. కంటికి కనపడని టంకం గీతలు ఆ మసకలో ఒక్క క్షణం తేలతాయి. కాళ్లు, అంచు నగిషీ విడిగా పోత పోసి అతికించేవారు కాబట్టి అక్కడ గీత సహజం. నడిమధ్యలో కనిపిస్తే మరమ్మతు. మధ్యలో పాత వంశచిహ్నం ఛాయ లేచినా, బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి వంగినా, దాన్ని గీకేశారని అర్థం.

అడుగున 21=14 లాంటి అంకెలు గీసి ఉంటే అది వెండి తూచే పాత కొలతల్లో తూకం: 21 ట్రాయ్ ఔన్సులు, 14 పెన్నీవెయిట్లు (ఔన్సులో ఇరవయ్యో వంతు), సుమారు 675 గ్రాములు. గాజు బుడ్డి తీసి తూచండి. నాలుగైదు గ్రాములు తగ్గితే తోముడు అరుగుదల. బాగా తగ్గితే ఏదో భాగం పోయింది. 1900 తర్వాతి బరువైన గుండ్రటి సిరాబుడ్లలో మాత్రం అడుగున తారు, ప్లాస్టర్ నింపి ఉంటాయి, వాటి బరువు వెండి బరువు కాదు.

మన వైపు ఇళ్లలో మరో సంగతి. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ వంటి కంపెనీల సరుకుకు సింహం ఉండదు, కంపెనీ పేరే ఉంటుంది. దేవతా మూర్తుల నగిషీ ఉంటే అది చాలావరకు దక్షిణాది పనే, అదీ విలువైనదే.

ఇక శుభ్రం చేయడం. విబూది, టూత్‌పేస్టు గీతలు పెడతాయి, చింతపండు పులుపు లోహాన్ని తింటుంది. అల్యూమినియం రేకు, సోడా, వేడినీళ్ల చిట్కా గుంతల్లోని నలుపునూ తీసేసి నగిషీని చప్పగా చేస్తుంది, తారు నింపినవాటిలో లోపలిది కరిగిస్తుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల తేలికపాటి ద్రవ సబ్బు, మెత్తటి నూలు గుడ్డ, వెంటనే తుడిచి ఆరబెట్టడం, ఇంతే. ఇంకా పోకపోతే మెత్తటి సుద్దపొడి నీళ్లలో కలిపి మెల్లగా రుద్దండి, ముద్రల జోలికి పోకుండా. ఊదా బూడిద రంగు మచ్చ ఎంతకీ పోకపోతే వదిలేయండి. పని చేసేటప్పుడు మంట తగిలి లోపలి రాగి ఆక్సీకరణం చెందిన పొర అది. తీయాలంటే వెండినే చెక్కాలి.

సిరా పోస్తే గాజు బుడ్డిలోనే పోయండి. ఇనుప లవణంతో చేసే పాతకాలం సిరాలో ఆమ్లం ఉంటుంది, వెండికి తగిలితే గుంతలు పడతాయి. భద్రపరిచేటప్పుడు రబ్బరు బ్యాండు వేయకండి. దానిలోని గంధకం గుడ్డ మీదుగా కూడా నల్లటి చారలు వేస్తుంది.