హాస్టల్‌లో చేరిన మొదటి వారంలోనే చెప్పు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మాదాపూర్‌లో ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్ కుదిరాయని మీ అమ్మ ఫోను చేసింది. చాలా సంతోషం. "ఫిట్స్ సంగతి అక్కడ ఎవరికీ తెలియనివ్వద్దని గట్టిగా చెప్పాను అక్కా" అని కూడా అంది. దాని భయం నాకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో అమ్మ మాట వినకు. కాలేజీ రోజుల నుంచి ఈ జబ్బుతోనే బతుకుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

దాపరికం వల్ల ముందుగా తప్పిపోయేది మాత్ర. గదిలో ఉన్న అమ్మాయి చూస్తుందని, ఆమె పడుకునేదాకా ఆగుతావు. ఒకరోజు నువ్వే ముందు నిద్రపోతావు. మాత్ర తప్పినా, నిద్ర చాలకపోయినా ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. సరైన వైద్యం అందితే నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎవరో ఏదో అనుకుంటారని ఆ అవకాశం పోగొట్టుకోకు.

అందుకే చేరిన మొదటి వారంలోనే ఆ అమ్మాయికి చెప్పు. తప్పు చేసినదానిలా తల దించుకుని కాదు, మామూలుగా చెప్పు. "నాకు మూర్ఛ ఉంది, మందులు వాడుతున్నాను. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. తల కింద మెత్తటిది ఏదైనా పెట్టు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పెట్టవద్దు. గడియారం చూడు. అయిదు నిమిషాలు దాటినా, తేరుకోకముందే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చెయ్యి." ఏం చేయాలో తెలిసిన మనిషి పారిపోదు. తెలియనివాళ్ళే చేతిలో తాళాలగుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు. అంటుకుంటుందని దూరం జరిగేదీ వాళ్ళే. మెదడులో విద్యుత్ సంకేతాలు ఉన్నట్టుండి అదుపు తప్పితే వచ్చేది ఇది. గాలీ కాదు, శాపమూ కాదు, అంటువ్యాధి అసలే కాదు.

ఆఫీసులో ఊరంతా చాటనక్కరలేదు. పక్క సీటువాళ్ళకూ, మేనేజరుకూ తెలిస్తే చాలు. రాత్రి షిఫ్టు వద్దని డాక్టరు చీటీతో అడుగు. స్కూటర్ ఆశ మానుకో. లైసెన్సు దరఖాస్తులోనే మూర్ఛ ఉందా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాయకు. అమీర్‌పేట నుంచి మెట్రో ఉండనే ఉంది. ప్లాట్‌ఫారం అంచుకు దూరంగా నిలబడు.

ఇక మీ అమ్మ అసలు బెంగ పెళ్ళి. ఒకప్పుడు హిందూ వివాహ చట్టమే మూర్ఛను పెళ్ళికి అడ్డంకిగా లెక్కగట్టేది. 1999లో సవరించి ఆ మాట తీసేశారు. చట్టం మారినా, పెళ్ళిచూపుల్లో ఇంకా గుసగుసలే. దాచి చేసిన పెళ్ళి మోసమంటూ కోర్టుకెక్కినవాళ్ళున్నారు. అంతకన్నా ఘోరం, అత్తవారింట్లో మాత్ర మింగడానికి చాటు వెతుక్కోవడం. మా నాన్న నా నిశ్చితార్థానికి ముందే ప్రతి ఇంట్లోనూ చెప్పారు. కొన్ని సంబంధాలు వెనక్కి పోయాయి. పోనీ! విని కూడా నిలబడినవారే మీ పెదనాన్నగారు. పిల్లలు పుట్టరని ఎవరైనా అంటే నమ్మకు, మా ఇద్దరు పిల్లల్నీ చూశావుగా. కాకపోతే గర్భానికి ముందే న్యూరాలజిస్టును కలవాలి. కొన్ని మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. మార్చవలసింది డాక్టరు. నీ అంతట నువ్వు మాత్రం ఏదీ ఆపకు.

సంబంధాలు మొదలైనప్పుడు నాకు కబురు చేయమని అమ్మతో చెప్పు. అబ్బాయి తరఫువాళ్ళతో ఆ మాట నేనే ఎత్తుతాను. నువ్వు నా పక్కనే కూర్చో.

మీ పెద్దమ్మ