పక్కింటివాళ్ల ఉత్తరం మన ఇంటికొస్తే కేసు అవుతుందా?

పక్కింటాయన కవరు మీ ఇంట్లో వేసిపోయారు, వాళ్లతో మీకు మాటల్లేవు, పారేస్తే కేసు అవుతుందా అని అడిగారు. పారేయొద్దు. మీరు వాళ్ల గడప తొక్కాల్సిన పని కూడా లేదు. కవరు మీద "ఈ ఇంటిది కాదు" అని రాసి పోస్ట్‌మ్యాన్‌కు తిరిగిచ్చేయండి.

మాది అనంతపురం సాయినగర్. పక్క క్రాసులో ఒకాయన ఉన్నారు, ఇనీషియల్‌తో సహా మా నాన్న పేరే. క్రాస్ నంబరు రాయని కవరల్లా మా గేటుకే వస్తుంది. పెళ్లి పత్రికల్లాంటివి అటు పోయినప్పుడు ఇచ్చేస్తాం. ఒకసారి మాత్రం రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది, సంతకం కావాలన్నారు. చూస్తే పంపింది ఎవరో అడ్వకేటు. "మాకు లాయర్లతో ఏం పని లేదప్పా, పక్క క్రాసులో అడుగు" అని నాన్న పెన్ను వెనక్కిచ్చేశారు. అది చెక్ బౌన్స్ నోటీసని తర్వాత ఆ పక్క క్రాసు ఆయనే చెప్పారు. ఆ నోటీసు అందాక డబ్బు కట్టడానికి ఉండేది 15 రోజులే. నాన్న సంతకం పెట్టి కవరు టీవీ పక్కన పడేసి ఉంటే, "నాకు అందలేదు" అని కోర్టులో నిరూపించుకునే తిప్పలు ఆయనకు పడేవి. అందుకే నా మాట: తెరవడం కన్నా సంతకం దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇక చట్టం. నెట్‌లో కనిపించే 'ఐదేళ్ల జైలు' అమెరికాది. మన దగ్గర 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో, వేరేవాళ్లకు చేరాల్సిన ఉత్తరాన్ని కావాలని అట్టిపెట్టుకుంటే రెండేళ్ల దాకా జైలు ఉండేది. 2024 జూన్ 18 నుంచి దాని స్థానంలో 2023 నాటి కొత్త చట్టం వచ్చింది, అందులో ఆ సెక్షన్ లేదు. అలాగని ఏం చేసినా చెల్లుతుందనుకోవద్దు. పరాయి సొత్తును దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్ష, జరిమానా ఉన్నాయి. కొరియర్లో వచ్చిన ఫోన్ డబ్బా అయినా ఇదే. "ఎవరిదో తెలియలేదు" అనడానికీ వీల్లేదు, అడ్రసు పైనే ఉంటుంది కదా!

పొరపాటున చించేస్తే టెన్షన్ పడకండి, అక్కడ చూసేది ఉద్దేశమే. టేపు అంటించి, "పొరపాటున తెరిచాం" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చేయండి. లోపల ఏముందో మాత్రం వీధిలో చెప్పుకోవద్దు.

పాత అద్దెవాళ్ల ఉత్తరాలకైతే "ఈ చిరునామాలో లేరు" అని రాస్తే చాలు. మళ్లీ మళ్లీ ఇలాగే వస్తుంటే మీ ఏరియా పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్‌కు ఒక కాగితం రాసివ్వండి. వెళ్లే తీరిక లేకపోతే తపాలా శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868 ఉంది.