తల కాదు, రెక్క కొస చూడండి

ప్రశ్న: మాది భీమిలి. చలికాలమంతా మా తీరానికి తెల్లటి పక్షులు గుంపులుగా వస్తాయి. ముక్కు, కాళ్ళు ఎరుపు, కంటి వెనక నల్లటి మచ్చ. మార్చి నెలాఖరుకి కొన్నిటికి తలంతా కాఫీపొడి రంగులో కనబడింది. వేరే జాతి వచ్చి కలిసిందా? ఎండలు ముదిరాక ఇవన్నీ ఎక్కడికి పోతాయి? ఉప్పునీళ్ళు తాగి ఎలా బతుకుతాయో కూడా అడగమన్నాడు మా అబ్బాయి.
– ఒక పాఠకురాలు

జవాబు: వేరే జాతి కాదండీ, అవే పక్షులు తల మీద ఈకలు మార్చుకున్నాయి. జతకట్టే కాలం దగ్గరపడితే ఈ సీగల్స్‌కి తల గోధుమ రంగుకి తిరుగుతుంది. ముఖం దగ్గర లేతగా, మెడ అంచున ముదురుగా ఉంటుంది. మీరు చూసినవి చాలావరకు బ్రౌన్ హెడెడ్ గల్స్ అయ్యుంటాయి. అయితే బ్లాక్ హెడెడ్ గల్ కూడా మన తీరానికి వస్తుంది. ఆ కాలంలో దాని తలా గోధుమ రంగే! అందుకే నేను తలని నమ్మను.

ఎగిరేటప్పుడు రెక్క కొస చూడండి. బ్రౌన్ హెడెడ్ అయితే కొస బాగా నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్లటి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండోదానికి రెక్క ముందంచు పొడవునా తెల్లటి పట్టీ, చివర సన్నటి నలుపు మాత్రమే. వాలి ఉంటే కన్ను చూడండి. బాగా ఎదిగిన బ్రౌన్ హెడెడ్‌కి కనుపాప చుట్టూ ఉండే వలయం లేత రంగు, బ్లాక్ హెడెడ్‌కి ముదురు రంగు. పిల్లల్లో మాత్రం రెండిటికీ కళ్ళు నల్లగానే ఉంటాయి, రెక్క మచ్చలూ ఇంకా రావు. వాటి దగ్గర తొందరపడి పేరు పెట్టొద్దు.

ఇక ఎక్కడికంటారా, బ్రౌన్ హెడెడ్ గల్స్ పోయేది హిమాలయాలు దాటి! లడఖ్‌లో త్సో మోరీరి సరస్సు సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడా, టిబెట్ సరస్సుల్లోనూ లంకల మీద, చిత్తడి నేలల్లో గుంపుగా గూళ్ళు కట్టి, రెండు మూడు గుడ్లు పెడతాయి. మీ వలల దగ్గర నెత్తళ్ళ కోసం కొట్టుకునే పక్షి మంచుకొండల నడుమ పిల్లల్ని సాకుతుందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సులో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చనిపోయిన వేలాది పక్షుల్లో ఇవీ ఉన్నాయి. అందుకే తీరంలో చచ్చిపడిన పక్షిని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

మీ అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. వీటికి కళ్ళ పైన ఉప్పు గ్రంథులుంటాయి. రక్తంలో ఎక్కువైన ఉప్పుని అవి లాగేసి, చిక్కటి ఉప్పునీరుగా ముక్కు రంధ్రాల్లోంచి బయటికి పంపేస్తాయి. వాలిన పక్షిని కాసేపు గమనించమనండి. ముక్కు కొసన ఒక బొట్టు జారుతుంది, వెంటనే తల విదిలిస్తుంది.

ఒక్క మనవి. బీచ్‌లో వాటికి మిక్చర్, చిప్స్ విసరనివ్వకండి. చేపలు, రొయ్యలు, పురుగులు, పడవల వాళ్ళు పారేసిన చెత్త చేపలు, వాటి తిండి వాటికి ఉంది. మే నెలలో కూడా ఒకటీ అరా అక్కడే కనిపిస్తే దెబ్బ తగిలిందేమోనని కంగారుపడకండి. ఇంకా జతకట్టే వయసు రాని కుర్ర పక్షులు కొన్ని ఎండాకాలం ఇక్కడే గడిపేస్తాయి.